పాత లేతు మిషను ఊరికి తెచ్చుకునే ముందు తెలుసుకున్న చరిత్ర

ఈ ఏడు సమాఖ్యకు వచ్చిన అప్పు అర్జీలల్ల పాడి బర్రెలు, కుట్టుమిషన్లు, పూల సాగు, కిరాణం ఎప్పటి లెక్కనే ఉన్నయి. ఒక్క అర్జీ మాత్రం వేరే తీరుగ ఉండె. పాత చెక్క లేతు మిషను కొనుక్కొని ఊరికి తెచ్చుకుంటం, దానికి అప్పు కావాలె అని. ఆ అర్జీ మా సంఘానిది. మీటింగుల దాని మీద మస్తు మాటలు నడిచినయి. కొత్తది దొరుకుతుంటే పాతది ఎందుకు అని కొందరు అడిగిన్రు. అది మొగోళ్ల పని, అందుల వడ్లోళ్ల పని, మనకెందుకు అని ఇంకొందరు అన్నరు. ఆ మిషను ఇన్నేండ్లు ఎవరి చేతుల మీద నడిచిందో తెలిస్తెనే ఈ రెండో మాటకు జవాబు దొరుకుతది. అందుకే మేము నలుగురిని అడిగి, దొరికింది చదివి, పట్నంల తిరిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నం.

లేతు అంటే ఏందో చూడని అక్కల కోసం ముందుగాల రెండు మాటలు. రంపం, బాడిస, రందా పట్టుకుంటే కట్టె నిలబడి ఉంటది, పనిముట్టు కదులుతది. లేతు మీద దీనికి ఉల్టా. కట్టె తిరుగుతది, ఉలి ఒక్కకాడ ఆనించి పట్టుకుంటం. కుమ్మరి సారెను అడ్డంగ పండవెట్టి, మట్టికి బదులు కట్టె పెట్టినట్టు అనుకోండ్రి. అందుకే దీని మీద వచ్చే వస్తువులన్నీ గుండ్రంగనే ఉంటయి. మంచం కోళ్లు, ఉయ్యాల కడ్డీలు, కవ్వం, చపాతి కర్ర, బొంగరం, పిల్లలు నడక నేర్చే మూడు గీరెల బండికి గీరెలు, మెట్ల పక్కన నిలబెట్టే కట్టె కడ్డీలు, అన్నీ దీని పనే. పాత తెలుగుల దీన్ని తరిమెన అన్నరు. తరిమెన పట్టిన కోడు అంటే నున్నగ, వంపులు వంపులుగ దిగిన కోడు అన్నట్టు.

ఈ పని మన దిక్కు నిన్న మొన్నటిది కాదు. హనుమకొండల వెయ్యి స్తంభాల గుడికి పోయినోళ్లు ఆ స్తంభాలను ఒక్కసారి యాది చేసుకోండ్రి. కాకతి రుద్రదేవుడు 1163ల కట్టించిన గుడి అది. ఆ నల్లరాయి స్తంభం గాజుల మీద గాజులు పేర్చినట్టు ఉంటది. చరిత్ర రాసేటోళ్లు ఇసొంటి వాటిని లేతు మీద తిప్పిన స్తంభాలు అనే పిలుస్తరు. 1213 నాటి రామప్ప గుడిని 2021ల యునెస్కో ప్రపంచ వారసత్వంల చేర్చింది గదా, అక్కడ గూడ స్తంభాలల్ల ఆ గుండ్రటి కట్టులు కనవడ్తయి. చెక్క మీద ఈ సోకు ముందే అలవాటు లేకపోతే రాయి మీదికి రాకపోవు అని మా ఆలోచన. చెక్క చెదలకు పోయింది, రాయి మిగిలింది, గంతే.

కరెంటు లేని కాలంల మరి కట్టెను తిప్పింది ఎవరు? దీని జవాబు కోసం మేము పుస్తకం దాక పోనవసరం లేకపోయింది. మా సంఘంల ఒక సభ్యురాలి అత్తమ్మ వడ్లోళ్ల ఇంటి కోడలు. ఎనభై దాటినయి. వాళ్లింట్ల రెండు మొద్దులకు ఎదురెదురుగ ఇనుప మొనలు కొట్టి, నడుమ కట్టెను బిగించేటోళ్లంట. కట్టెకు తాడు రెండు చుట్లు చుట్టి, రెండు కొసలు ఈమె చేతికిచ్చేటోళ్లు. మొద్దుకు కాలు తన్నిపెట్టి కూసొని, కుడి కొస ఒకసారి, ఎడమ కొస ఒకసారి గుంజుడు. కట్టె ముందుకు తిరిగినప్పుడు పెనిమిటి ఉలి ఆనిస్తడు, ఎనుకకు తిరిగినప్పుడు ఉలి లేపుతడు. అంటె ఆమె గుంజిన గుంజుడుల సగమే కోతకు అక్కరకొస్తది. ఒక్క మంచానికి నాలుగు కోళ్లు దిగేసరికి పొద్దు గూకేదంట.

"గుంజి గుంజి భుజం కాయ కాసింది బిడ్డా. ఉలి మాత్రం ఒక్కనాడు ముట్టనియ్యలే" అన్నది ఆమె. కోపంగ అనలేదు, నవ్వుకుంటనే అన్నది. ఆ మంచాలు ఇప్పటికీ కొన్ని ఇండ్లల్ల ఉన్నయి. ఎవరు చేసిన్రు అని అడిగితే ఊరంత ఆయన పేరే చెప్తది.

ఇది ఒక్క మన ఊరి ముచ్చట కాదు. ఈజిప్టు దేశంల పెటోసిరిస్ అనే పూజారి సమాధి గోడ మీద ఒక బొమ్మ చెక్కి ఉన్నది. క్రీస్తు పుట్టకముందు మున్నూరు ఏండ్ల నాటిది. లేతు బొమ్మలల్ల ఇప్పటిదాక దొరికిన అన్నిట్ల పాతది అదే అంటరు. అందుల గూడ ఇద్దరున్నరు. ఒకరి చేతుల తాడు, ఒకరి చేతుల ఉలి.

తాడు గుంజే రెండో మనిషి లేకుండ నడిపే ఉపాయం తర్వాత తర్వాత వచ్చింది. యూరపుల తాడును పైన ఒక వంగే గడకు కట్టి, కింద కాలితోని తొక్కిన్రు. కాలు లేపితే గడ తాడును పైకి గుంజుకుంటది. కట్టె ఒక్క దిక్కే తిరగాలంటే చక్రం, వంకర కడ్డీ కావాలె. అట్ల కాలితో తొక్కే లేతు బొమ్మ అయిదు వందల ఏండ్ల కింద లియొనార్డో డావించి గీసిన కాగితాలల్ల ఉన్నది. మన కుట్టుమిషను కింద తొక్కుడు పలక, పెద్ద చక్రం ఉంటయి గదా, తరీక అదే. కుట్టుమిషను తొక్కిన ఏ అక్కకైనా లేతు మర్మం సగం తెలిసినట్టే అని మేము మీటింగుల చెప్పింది అందుకే.

1800 నాటికి ఇంగ్లండుల హెన్రీ మాడ్స్లే అనే ఆయన ఇనుముతోని, కొలత తప్పకుండ మరలు కోసే లేతు తయారు చేసిండు. అక్కడికెళ్లి లేతులు రెండు దారులు పట్టినయి. ఇనుమును కోసేవి ఒకటి, చెక్కను కోసేవి ఒకటి. ఇనుప పని లేతులు పెద్ద కంపెనీలల్లకు పోయినయి. మన సికింద్రాబాద్ల 1943ల ప్రాగా టూల్స్ మొదలైంది. 1953ల బెంగుళూరుల హెచ్ఎంటీ పుట్టి లేతులు చేసింది. గడియారాలతోనే మనకు హెచ్ఎంటీ ఎరుక, కని అది మొదలైందే మిషన్లు చేసే మిషన్ల కోసం. పంజాబుల బటాలా, లూధియానా ఊర్ల పోత పని గూడ లేతులకు పేరు పడ్డది. చెక్క లేతు ఇన్నిట్ల చిన్నది, బీదది. పోత ఇనుముతోని రెండు తలకాయలు తెచ్చుకొని, కింద టేకు దూలాలకు బిగించుకొని నడుపుకునేటోళ్లు. ఎడమ దిక్కు మోటారుతోని తిరిగే తలకాయ హెడ్‌స్టాక్, కుడి దిక్కు కట్టెను ఆపే తలకాయ టెయిల్‌స్టాక్. ఈ రెండు పేర్లు యాది ఉంచుకోండ్రి, కొనేటప్పుడు అక్కరకొస్తయి.

మోటారు రావడంతోని తాడు గుంజుడు బందయింది. అత్తమ్మ భుజానికి సుఖమైంది, అది ఒప్పుకోవాలె. కని అదే మోటారు ఆమెను ఆ కొట్టంలకెళ్లి బయటికి గూడ పంపింది. ఇన్నేండ్లు సగం పని చేసిన మనిషి, మిషను వచ్చినంక చూసేటందుకు గూడ లోపలికి పోలేదు. అది మొగోళ్ల పని అన్న మాట అంత పాతది కాదు అని మాకు ఇక్కడ అర్థమైంది. అది కరెంటుతోని వచ్చిన మాట.

ఇగ ఈ మిషన్లు మన చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు ఎందుకు తక్కువ, పట్నంల ఎందుకు ఎక్కువ? 1908ల మూసీ వరద పట్నాన్ని ముంచినంక, మల్ల అట్ల కావద్దని 1920ల ఉస్మాన్‌సాగర్, అంటె మన గండిపేట, 1927ల హిమాయత్‌సాగర్ కట్టిన్రు. ఆ చెరువుల నీళ్లు ఖరాబు కావద్దని 1996ల 111 జీవో తెచ్చిన్రు. చుట్టూ పది కిలోమీటర్ల లోపల కాలుష్యం చేసే పరిశ్రమలు పెట్టొద్దని అన్నరు. మొయినాబాద్, చేవెళ్ల మండలాల ఊర్లు గూడ అందుల వచ్చినయి. జీవో మంచిదా చెడ్డదా అన్న పంచాయితి మన ఇండ్లల్ల ఎన్నడు ఒడవలే, ఇక్కడ ఆ జోలికి పోము. పెద్ద మిషన్ల పని బాలానగర్ దిక్కు జమ అయ్యింది, మన దిక్కు కూరగాయలు, పూలు మిగిలినయి. చెక్క లేతులు పట్నంల ఫర్నిచర్ కొట్లల్ల నడిచినయి.

ఆ కొట్లు గూడ తర్వాత సల్లబడ్డయి. ఇనుప పైపుల మడత మంచం, ప్లాస్టిక్ కుర్చీ, ప్లైవుడ్ పెట్టె మంచం వచ్చినంక గుండ్రటి కోళ్లు అడిగెటోళ్లు తగ్గిన్రు. మిషన్లు మూలకు పడ్డయి. ముసలాయన పోయినంక కొడుకులు తూకానికి అమ్ముతరు. పాత లేతులు భోలక్‌పూర్ పాత ఇనుము కొట్లల్ల కనవడేది అందుకే. మంచి మిషను పాత ఇనుము ధరకు పోతుంటే చూసి మాకు పానం గుంజింది.

కొనాలె అని మాకు ధైర్యం ఇచ్చింది ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాల వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు అది. లక్క బొమ్మలకు పేరు. అంకుడు కట్టె మెత్తగ, తెల్లగ ఉంటది. దాన్ని లేతు మీద తిప్పుకుంట బొమ్మ రూపం తెస్తరు. తిరిగే బొమ్మకే రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తరు. రాపిడికి వేడి పుట్టి లక్క కరిగి చెక్కకు పట్టుకుంటది. బ్రష్షు లేదు, ఆరబెట్టుడు లేదు. నడుమల మార్కెట్ పడిపోయి, రసాయన రంగుల మీద భయం పెరిగిన కాలంల, ఆ ఊరి సి.వి. రాజు గారు గింజలు, ఆకులు, బెరళ్ల రంగులను మల్ల వాడుకలకు తెచ్చిన్రు. ఆయనకు 2023ల పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 జనవరి 26న ఢిల్లీల ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే. అక్కడ గూడ ముందు చేత్తో తిప్పిన లేతులే, ఇప్పుడు మోటారువి. కర్ణాటకల చన్నపట్నది గూడ ఇదే కట్టె, ఇదే లక్క. ఆ యూనిట్లల్ల ఆడవాళ్లు లేతు ముందు కూసొని ఉలి పట్టుకొని పని చేస్తరు. మాకు కావలసిన జవాబు అక్కడ ఉన్నది.

ఒక మాట. నిర్మల్ బొమ్మలు, కొండపల్లి బొమ్మలు గూడ లేతు మీదనే చేస్తరని చాలమంది అనుకుంటరు. కాదు. అవి పొణికి కట్టెను ఉలితోని చెక్కి, ముక్కలు అతికి, రంగులేస్తరు. నిర్మల్ శిక్షణ అని ఎవరన్న చెప్తే అది వేరే పని అని తెలుసుకోండ్రి.

ఇగ కొనుడు ముచ్చట. మేము మూడు మిషన్లు చూసినం. మొదటిది చూడ చక్కగ ఉండె, కొత్తగ రంగేసిన్రు. రంగు కింద వేలు పెట్టి రాసి చూస్తే పోత ఇనుము పగిలి, వెల్డింగు పెట్టిన గీత తగిలింది. పోత ఇనుముకు పెట్టిన వెల్డింగును నమ్మొద్దని మా తోటి వచ్చిన మిస్త్రీ చెప్పిండు. రెండోది బలమైన మిషను, కని ఇనుప పనిది. చాల బరువు, స్పీడు తక్కువ. చెక్కకు స్పీడు కావాలె. మూడోది మూతపడ్డ ఒక ఫర్నిచర్ కొట్టుల దొరికింది. టేకు దూలాలు చెదలు తిన్నయి, రెండు తలకాయలు మాత్రం గట్టిగ ఉన్నయి. దూలాలు మన ఊర్ల చేయించుకోవచ్చు, తలకాయలు చేయించుకోలేము. దాన్నే కొన్నం.

కొనే ముందు ఏం చూడాలె అంటే, బెల్టు తీసేసి హెడ్‌స్టాక్ చేత్తో తిప్పాలె. గరగర అంటే బేరింగులు పోయినట్టు. పాత వాటిల బేరింగుకు బదులు గన్‌మెటల్ బుష్షులు ఉంటయి, అవి అరిగితే కడ్డీ పైకి కిందికి ఊగుతది. బుష్షు మార్పించుకోవచ్చు, కడ్డీ వంగితే మాత్రం వద్దనాలె. తర్వాత టెయిల్‌స్టాక్‌ను ముందుకు జరిపి రెండు మొనలు ఎదురెదురుగ తాకియ్యాలె. మొన మీదికి మొన సరిగ్గ రావాలె, పక్కకు పోతే కట్టె సొట్టగ దిగుతది. ఉలి ఆనిచ్చే టూల్‌రెస్ట్ ఉన్నదా, స్పీడు మార్చే మెట్ల పుల్లీ పగలలేదు గదా చూడాలె. లావు మొద్దుకు తక్కువ స్పీడు, సన్న కర్రకు ఎక్కువ స్పీడు, అది పుల్లీ మీద బెల్టు మార్చుకుంట నడిపించుకోవాలె. ఇగ బేరం. పాత ఇనుము తూకం ధర ఎంతనో ముందు కనుక్కోండ్రి, దానికన్న కిందికి ఎవరు ఇయ్యరు. తూకం ధరకు, నడిచే మిషను ధరకు నడుమనే బేరం నడుస్తది. మిషను నడిపి చూపించకపోతే తూకం ధర దిక్కే ఉండాలె.

తెచ్చుడు గూడ ఒక పనే. మోటారు వేరు, తలకాయలు వేరు, పుల్లీలు వేరు విప్పినం. ఏది ఎక్కడ బిగుసుకుంటదో సుద్దముక్కతోని అంకెలేసి, సెల్‌ఫోనుల ఫోటోలు దించుకున్నం. నట్లు, బోల్టులు పెరుగు డబ్బాల వేసి మూత పెట్టినం. ట్రాలీ ఆటోల కింద పాత టైర్లు పరిచి వాటి మీద తలకాయలు పండవెట్టినం. తాడు దిమ్మకు కట్టాలె, తిరిగే కడ్డీకి కట్టొద్దు. గుంతల ఎగిరితే కడ్డీ వంగుతది. మెహిదీపట్నం, లంగర్‌హౌజ్, అప్పా జంక్షన్ మీదికెళ్లి మొయినాబాద్ దాక మెల్లగ వచ్చినం. డ్రైవరు నడిమిట్ల రెండు సార్లు విసుక్కున్నడు, చాయ తాపిచ్చినం.

మొయినాబాద్ దాటినంక బీజాపూర్ రోడ్డుకు రెండు దిక్కుల మర్రిచెట్లు మీరు చూసినయే. రోడ్డు వెడల్పు చేయాలె, చెట్లు పోవద్దు అని ఏండ్లకేండ్లు కొట్లాట నడిచి గ్రీన్ ట్రిబ్యునల్ దాక పోయింది. ఆ రోడ్డు మీద లేతు మిషను తెస్తుంటే, ఇగ కట్టె ఎక్కడిది అని ఎవరన్న అడుగుతరు. మేము చెట్టు కొట్టము. 2002 వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలె. పాత ఇండ్లు ఇప్పినప్పుడు వచ్చే టేకు దూలాలు, గాలివానకు పడ్డ వేప, మామిడి తోటలల్ల కత్తిరించిన కొమ్మలు రైతులనే అడిగి తీసుకుంటున్నం. పచ్చి కట్టె తిప్పితే ఎండినంక పగులుతది. నీడపట్టున ఆరబెట్టిందే పనికొస్తది.

పిల్లల బొమ్మలు చేద్దామనుకునే సంఘాలకు ఒక రూలు చెప్పాలె. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు ఉండాలె. కేంద్ర హస్తకళల కమిషనరు కార్యాలయంల పేరు నమోదైన చేతిపని వాళ్లకు దీనికెళ్లి మినహాయింపు ఉన్నది. అందుకే ముందు ఆ కార్డు, తర్వాత బొమ్మలు. అప్పటిదాక మేము చపాతి కర్రలు, కవ్వాలు, ఉయ్యాల కడ్డీలే చేస్తున్నం.

బట్టల సంగతి అప్పు పత్రంల షరతుగ రాయించినం. పైట కొంగు, చున్నీ, ఇడిసిన జడ, చేతి గాజులు, మెడల నల్లపూసలు, ఇవేవీ తిరిగే కట్టె దగ్గరికి పోవద్దు. తిరిగే కట్టె బట్టను పట్టుకుంటే మనిషిని గుంజుకుంటది, స్విచ్చు బందు చేసే టైం ఉండది. పని మీద కూసునేటోళ్లు పంజాబీ డ్రెస్సు మీద ముందుకు గుండీలు లేని బిగుతు కోటు ఏసుకోవాలె, జడ ముడి వేసి గుడ్డ కట్టాలె, కండ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు. గాజులు తీసేదానికి ఇద్దరు ఒప్పుకోలేదు, వాళ్లకు కట్టె ఆరబెట్టుడు, లెక్కలు రాసుడు అప్పజెప్పినం. స్విచ్చు ఎడమ చేతికి అందేటట్టు పెట్టిచ్చినం. బాయికాడి వ్యవసాయ కరెంటు మీద మిషను నడపొద్దు, సింగిల్ ఫేజు మోటారు ఏసుకొని వేరే మీటరు తీసుకోవాలె. మా మీటరు అర్జీ ఇచ్చినం.

దూలాలు వేప కట్టెతోని కొత్తగ చేయించినం. మిషను బిగించిన నాడు అత్తమ్మను గూడ పిలుచుకొచ్చినం. మోటారు ఏసినంక ఆమె ముందుగాల తాడు ఏదని అడిగింది. తర్వాత ఉలి ఇయ్యమన్నది. టూల్‌రెస్ట్ మీద ఉలి ఎట్ల ఆనియ్యాలెనో ఎవరు చెప్పకముందే సరిగ్గ ఆనిచ్చింది. ఏండ్లకేండ్లు ఎదురుగ కూసొని చూసింది గదా. ఇప్పుడు వారానికి రెండు రోజులు మధ్యాహ్నం ఆమె వచ్చి కూసుంటది. ఉలి ఏ వంపుకు ఎంత లేపాలెనో మా సభ్యులకు చెప్పేది ఆమెనే.